చేపలు తినని చేపలావిడ

నా ముప్ఫై ఒక్కేళ్ళ ల్యాబ్ ఉద్యోగంలో ఎన్ని రిపోర్టుల మీద సంతకం పెట్టానో లెక్క లేదు. వాటిలో ఒక్కటి మాత్రం అక్షరం అక్షరం గుర్తుంది. అది నేను చూడకుండా రాసిన రిపోర్టు. ఇప్పుడు కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు కొందరు మెట్టకూరులో మా ఇంటికొచ్చి ఏవో సందేహాలు అడిగి వెళుతుంటారు. నేను కనిపెట్టిన జబ్బుల గురించి వాళ్ళకి చెప్పడం మానేసి చాలా కాలమైంది. ఈ ఒక్క సంగతే చెబుతున్నాను. ఇందులో గొప్పతనం ఉంది, కానీ అది నాది కాదు.

నేను పనిచేసింది యానాంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్. పన్నెండు మంచాలు, ఒక పెద్ద డాక్టరుగారు, ఆయన కింద మేమందరం. ల్యాబ్ అంటే గేటు పక్కన ఒక గది. అందులో నేను, ఒక మైక్రోస్కోపు, తర్వాత్తర్వాత వచ్చిన రక్తకణాల మిషను. గది కిటికీలోంచి చూస్తే గేటు బయట గోడ నీడ కనిపించేది. ఆ నీడలో రోజూ పొద్దున్నే ఒకావిడ చేపల తట్ట దింపుకుని కూర్చునేది.

ఆవిడది కనకాలపేట. అప్పటికి అరవై దగ్గర పడి ఉంటుంది. రేవు దగ్గర వేలంపాటలో చేపలు కొనుక్కుని, తట్ట నెత్తిన పెట్టుకుని మా గేటు దాకా నడిచి వచ్చేది. ఆటో ఎక్కడం నేను చూడలేదు. చేపని చేత్తో పట్టుకుంటే చాలు, అది రాత్రి పడిందో, నిన్న పడిందో, ఐసులో ఎంతసేపు ఉందో చెప్పేసేది. చీరమీను దొరికే రోజుల్లో ఆవిడ చుట్టూ జనం మూగేవారు. దారప్పోగుల్లాంటి ఆ చిన్న చేపల్లో వేళ్ళు పెట్టి ఒకసారి కలియతిప్పి, ఇసక ఉంటే అమ్మేది కాదు. కడిగి తెస్తానని చెప్పి వెనక్కి పట్టుకుపోయేది.

అలాంటి మనిషి చేపలు తినదు. మాంసం తినదు, గుడ్డు ముట్టదు. ఇరవై ఏళ్ళ పైనే అయిందట మానేసి. పాలు పడవు కాబట్టి డికాషను టీ తాగేది. అన్నం, పప్పు, తోటకూర, చింతపండు పులుసు, ఇంతే ఆవిడ తిండి. ఎవరైనా ఎగతాళిగా అడిగితే నవ్వేసేది. "బంగారం కొట్టాయన బంగారం తింటాడేటండీ?" అనేది.

మాది తరతరాలుగా శాకాహార కుటుంబం. ద్రాక్షారామం వైపు పల్లె నుంచి ఉద్యోగం కోసం యానాం వచ్చినవాళ్ళం. చుట్టూ చేపల వాసన ఉన్న ఊళ్ళో, చేపలమ్మే ఇంట్లో పుట్టి, మాలాగా తినే మనిషి కనిపించేసరికి నాకు ఆవిడంటే ఎక్కడలేని గౌరవం కలిగింది. ఆ గౌరవంలో కొంచెం నా గొప్ప కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. షుగరు, కొలెస్ట్రాలు రిపోర్టులు తీసుకోవడానికి వచ్చినవాళ్ళకి కిటికీలోంచి ఆవిడని చూపించి, "ఆవిడ నడక చూడండి, అదంతా తిండి మహిమ" అని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. డాక్టరుగారు ఒకసారి విని, నన్ను పెట్టుకున్నది రక్తం తీయడానికి కానీ ప్రవచనాలకి కాదన్నారు.

ఒక వానాకాలంలో ఆవిడ పరీక్షకి వచ్చింది. నీరసంగా ఉంటోందట, తట్ట దించితే మళ్ళీ ఎత్తుకోవాలనిపించడం లేదట. ఊరంతా జ్వరాలు. ల్యాబ్ ముందు వరసగా జనం. ఆవిడ రక్తం తీశాను, మిషన్లో పెట్టాను, ఒక చుక్క గాజు పలక మీద పరిచి రంగు వేశాను. మిషను హిమోగ్లోబిన్ కొంచెం తక్కువని, ఎర్రకణాల సైజు ఉండాల్సిన దానికన్నా పెద్దదని చూపించింది. ఆ సైజు పక్కన హెచ్చరిక గుర్తు కూడా పెట్టింది. ఆ మిషను అప్పుడప్పుడు ఉత్తినే అలా గుర్తులు పెట్టేది. అందుకే మనం పలకని మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. నేను చూడలేదు. కణాల ఆకారం మామూలుగా ఉందని రాసి సంతకం పెట్టేశాను. బయట ఇంకా ముప్ఫై మంది ఉన్నారన్నది ఒక కారణం. ఆవిడ రక్తంలో తేడా ఏముంటుందిలే అనుకోవడం రెండో కారణం. రెండోదే పెద్దది.

నా రిపోర్టు చూసి డాక్టరుగారు మామూలు రక్తహీనత అనుకున్నారు. ఐరనూ ఫోలిక్ యాసిడూ కలిసిన బిళ్ళలు రాశారు. రెండు నెలలకి హిమోగ్లోబిన్ పెరిగింది. అందరం సంతోషించాం.

ఆ తర్వాత ఆవిడ అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని వచ్చింది. దూది మీద నడిచినట్టు ఉంటోందని చెప్పింది. షుగరు చూశాను, లేదు. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. రక్తం రిపోర్టు అంతకుముందుకన్నా మెరుగ్గా ఉంది. నార్మల్ అని నవ్వుతూ కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని మడిచి రొంటిన దోపుకుని, తట్ట ఎత్తుకోవడానికి గోడ పట్టుకుంది. గోడ పట్టుకోవడం నేను చూశాను. వయసు కదా అనుకున్నాను.

మా హెడ్ నర్సు మాత్రం అలా అనుకోలేదు. ఆవిడది యానామే, పొద్దున్నే చర్చికి వెళ్ళి అటు నుంచే డ్యూటీకి వచ్చే మనిషి. మేమందరం సిస్టరుగారు అని పిలిచేవాళ్ళం. వారానికి మూడు రోజులు ఆ తట్టలోంచి చేపలు కొనేది ఆవిడే. నర్సుగా కాదు, కొనుక్కునే మనిషిగా ఆవిడకి తేడా కనిపించింది. చేపలావిడ వేళ్ళతో తడిమి చూడటం మానేసి, చేపని కళ్ళ దగ్గర పెట్టుకుని చూస్తోందట. రెండుసార్లు మెత్తబడ్డ గొరక చేపలు ఇచ్చిందట. మూడోసారి చీరమీనులో ఇసక వచ్చిందట. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ లేనిది మూడుసార్లు జరిగిందంటే అది చేపల తప్పు కాదని సిస్టరుగారు నాతో అంది. నేను వినీ విననట్టు తలూపాను.

అసలు సంగతి తేలిన రోజు ఒక శుక్రవారం. పొద్దున్న తొమ్మిది దాటింది. ఎవరికో పండుగప్ప కోసి ఇస్తూ ఆవిడ కత్తిపీట మీద ఎడమ అరచెయ్యి కోసుకుంది. బొటనవేలి మొదట్లో లోతుగా తెగింది. తెగిన సంగతి ఆవిడకి తెలియలేదు. కోసిన ముక్కల మీద రక్తం చేపది కాదని కొనడానికి వచ్చినావిడ కేక పెడితే అప్పుడు చూసుకుంది. సిస్టరుగారు బయటికి వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. డాక్టరుగారు ఇంకా రాలేదు. డ్యూటీ డాక్టరు కుట్లు వేయడానికి వచ్చాడు. మత్తు ఇంజక్షన్ ఇచ్చి, అది ఎక్కకముందే గాయాన్ని కడుగుతున్నాడు. ఆవిడ అటు తిరిగి, బయట తట్ట మీద ఈగలు వాలుతున్నాయని, గోనెపట్టా కప్పమని ఎవరికో చెబుతోంది.

సిస్టరుగారు ఆ గదిలోంచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. గ్లవ్సు ఇంకా చేతికే ఉన్నాయి.

"ఆవిడకి నొప్పి తెలియడం లేదండి. మీ రిపోర్టేమో నార్మల్ అంటోంది. ఈ రెండిట్లో ఒకటి అబద్ధం. చెయ్యి మాత్రం అబద్ధం చెప్పదు కదండీ."

ఆ మాటలో కోపం లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. ఆవిడ వెళ్ళాక లేచి, పాత పలకలు దాచే చెక్కపెట్టె దించాను. ఏడాది దాకా పలకలు పారేయకుండా ఉంచే అలవాటు నాకు ఉండేది. నేను చేసిన మంచి పని ఈ కథలో అదొక్కటే. వానాకాలం నాటి పలక దొరికింది. తుడిచి మైక్రోస్కోపు కింద పెట్టాను.

చూడటం వచ్చినవాడికి అర నిమిషం చాలు. ఎర్రకణాలు గుండ్రంగా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో, పెద్ద పెద్దవిగా ఉన్నాయి. తెల్లకణాల మధ్యలో ఉండే కేంద్రకం మామూలుగా మూడు నాలుగు తునకలుగా ఉంటుంది. ఇక్కడ అయిదు, ఆరు ఉన్నాయి. ఒకదానిలో ఏడు లెక్కపెట్టాను. చదువుకునే రోజుల్లో పుస్తకంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న సంగతి ఇది. బీ పన్నెండు అనే విటమిన్ శరీరానికి అందకపోతే రక్తం ఇలా అవుతుంది. ఆ విటమిన్ చేపల్లో, మాంసంలో, గుడ్లలో ఉంటుంది. పాలల్లో కొంత ఉంటుంది. పప్పుల్లో, ఆకుకూరల్లో నమ్ముకోదగ్గంత దొరకదు. ఒంట్లో నిల్వ ఉన్నది కొన్నేళ్ళు నెట్టుకొస్తుంది, తర్వాత ఖాళీ అవుతుంది. అప్పుడు దెబ్బ తినేది రక్తం ఒక్కటే కాదు, నరాలు కూడా. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది. నరాల దెబ్బ మాత్రం లోపల అలా నడుస్తూనే ఉంటుంది. అంటే నా చూడని రిపోర్టు వల్ల ఆవిడకి వచ్చిన బిళ్ళలు, ఆవిడ జబ్బుకి ముసుగు కప్పాయి.

ఆ పలకని పెట్టెలో పెట్టేసి, కొత్తగా రక్తం తీసి, కొత్తగా కనిపెట్టినట్టు చెప్పవచ్చు. ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. డాక్టరుగారు వచ్చేదాకా అరగంట ఆ ఆలోచనతోనే ఉన్నాను. ఆయన వచ్చి కోటు వేసుకుంటుండగా పలక పట్టుకుని వెళ్ళి, ఇది వానాకాలం నాటిదని, అప్పుడు చూడకుండా రాశానని చెప్పాను. ఆయన నాతో ల్యాబుకి వచ్చి, మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశారు. తలెత్తి, "ఆ గుర్తు నేనూ చూశానయ్యా, రిపోర్టు మీద. నేనూ అడగలేదు" అన్నారు. అంతే. ఆ తర్వాత నేను రిటైరయ్యే దాకా ఆ విషయం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

చేపలావిడని నిలబెట్టి, పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోమన్నారు. మూసుకోగానే పక్కకి ఒరిగిపోయింది. సిస్టరుగారు ముందే వెనకాల నిలబడి ఉంది కాబట్టి పట్టుకుంది. మొహం కడుక్కునేటప్పుడు రోజూ ఇలాగే అవుతోందండి, కళ్ళు మూసుకోవాలంటే భయమేస్తోందండి అని ఆవిడ అప్పుడు చెప్పింది. మేం ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు.

రక్తం కాకినాడ పంపించాం. రెండు రోజుల్లో కాగితం వచ్చింది. ఆ విటమిన్ కొలవడానికి కూడా అందనంత తక్కువ ఉంది.

ఆ సాయంత్రం ఆవిడ కొడుకుని పిలిపించారు. అడవిపొలం దగ్గర రొయ్యల చెరువుల్లో పని చేసేవాడు. విషయం వినగానే అతనికి కోపం వచ్చింది. ఇంటినిండా చేపలు ఉండి తల్లి ఇలా అయిందంటే బంధువులు తమనే అంటారని, డాక్టరుగారు గట్టిగా చెప్పి తినిపించాలని పట్టుపట్టాడు. డాక్టరుగారు కూడా మొదట చేపలు, గుడ్లు మొదలుపెట్టమనే చెప్పారు. ఆవిడ తల వంచుకుని, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని విన్నది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"పెద్ద తుపాను ఎల్లాక మా పేటలో నెల్లాళ్ళు ఎవులూ సేప తినలేదండి. ఏటిలో ఏటున్నాయో అందరికీ తెలుసు కదండీ. మా తమ్ముడు ఏటకెల్లి మరి రాలేదు. శవం కూడా దొరకలేదు. నెల దాటాక అందరూ తిన్నారండి, తినకపోతే ఎలా బతుకుతాం. నాకే నోటికి పోలేదు. అమ్మడానికి మాత్రం అభ్యంతరం లేదండి, పిల్లలు బతకాలి కదా."

కొడుక్కి ఆ సంగతి తెలుసు. కానీ తల్లి ఒక డాక్టరు ముందు అలా చెప్పడం అతను ఎప్పుడూ విని ఉండడు. గోడ వైపు తిరిగాడు.

డాక్టరుగారు ఆవిడ కాగితాలన్నీ బల్ల మీద పరిచారు. బీపీ, షుగరు, కొలెస్ట్రాలు, కిడ్నీలు. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి కొడుక్కి చూపించారు.

"ఇవన్నీ చూడు. ఇంత మంచి అంకెలు నాకు కూడా లేవు. ఈ తిండి ఆవిడకి మేలే చేసింది. ఒక్కటి కరువైంది, అది సూదిలో దొరుకుతుంది. ఇక ఆవిడ కంచం జోలికి మనం వెళ్ళొద్దు."

మొదటి వారం రోజూ సూది, తర్వాత వారానికొకటి, తర్వాత నెలకొకటి. ఇంత పెద్ద జబ్బుకి మందు ఇంత చిన్నదా అని కొడుకు ఆశ్చర్యపోయాడు. పోయినదంతా తిరిగి వస్తుందని మాటివ్వలేనని, ఆలస్యం అయిందని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. ఆలస్యం ఎవరి వల్ల అయిందో ఆయన చెప్పలేదు. అది నేనే చెప్పాలి.

మూడో సూది రోజున చెప్పాను. ఆవిడ బల్ల మీద కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను. వానాకాలంలోనే చూసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదమ్మా, చూడకుండా చూశానని రాశాను అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ తలెత్తి అంది.

"పైన తళతళా ఉంటే తాజాదే అనుకుంటాం బాబుగారూ. నేనూ ఒకోపాలి అలాగే ఇచ్చేత్తాను. మొప్ప ఎత్తి సూడాలండి."

ఆ తర్వాత నేను పలక చూడకుండా ఒక్క రిపోర్టు మీద కూడా సంతకం పెట్టలేదు. పెద్ద శపథం ఏమీ చెయ్యలేదు. పెన్ను తీసుకోగానే ఆ గొంతు వినిపించేది, అంతే.

బాగుపడటం ఒక్క రోజులో జరగలేదు. రెండో నెలలో ఒక పొద్దున్న సిస్టరుగారు సూది వేస్తుంటే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. నేను ల్యాబ్ లోంచి ఏమిటని వస్తే, "నొప్పెట్టిందంటండి" అని సిస్టరుగారు శుభవార్తలా చెప్పింది. అయిదో నెలకి వేళ్ళకి స్పర్శ దాదాపు వచ్చేసింది. ఆ ఏడు చీరమీను వచ్చినప్పుడు ఆవిడ వేళ్ళు పెట్టి కలియతిప్పి, ఇసకుందని తట్ట వెనక్కి పట్టుకుపోయింది. కొనడానికి వచ్చినవాళ్ళు విసుక్కున్నారు. సిస్టరుగారు మాత్రం గేటు దగ్గర నిలబడి, ఆవిడ వెళ్ళేదాకా చూస్తూ ఉండిపోయింది.

పాదాలకి మాత్రం పూర్తిగా రాలేదు. నేల చూసుకుంటూ నడుస్తుంది. నెత్తిన తట్ట మానేసింది. కొడుకు బండి మీద దింపి వెళుతున్నాడు. ఆ మిగిలిపోయిన తిమ్మిరిలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

ఇక్కడితో ముగిస్తే ఆవిడ గురించి సగమే చెప్పినట్టు. ఏడాది తిరిగాక ఒక రోజు పొద్దున్న ఆవిడ తట్ట లేకుండా వచ్చింది. వెనకాల తొమ్మిది మంది ఆడవాళ్ళు. అందరూ కనకాలపేట వాళ్ళే. భజన చేసుకునే బృందంలో చేరి, మాంసం చేప మానేసినవాళ్ళు. కొందరు ఏడేళ్ళు, కొందరు పదేళ్ళు. తనకి ఏం జరిగిందో ఆవిడ ఇంటింటికీ వెళ్ళి చెప్పిందట. మానేయడం తప్పని చెప్పలేదట. మానేసినవాళ్ళు రక్తం చూపించుకోవాలని చెప్పిందట. భజన పెద్ద ఒకాయన, దేవుడి కోసం మానేస్తే జబ్బులెందుకొస్తాయని అడ్డుపడితే, తన అరచేతి మీద మచ్చ చూపించి, తెగినప్పుడు ఇది జబ్బని దేవుడు చెప్పలేదండి, సిస్టరమ్మ చెప్పింది అందట.

వాళ్ళందరినీ ల్యాబ్ ముందు బల్ల మీద వరసగా కూర్చోబెట్టింది.

"వీల్ల రత్తం సూడండి బాబుగారూ. మిషన్తో ఒకటే కాదు, మీ కళ్ళతో సూడాల."

చూశాను. కొందరికి బాగానే ఉంది. వాళ్ళు పాలూ పెరుగూ బాగా తీసుకునేవాళ్ళు. కొందరికి తగ్గుతోంది, ఇంకా చేతుల దాకా, కాళ్ళ దాకా రాలేదు. ఒక్కావిడకి మాత్రం వేళ్ళు మొద్దుబారడం మొదలైంది, కుట్టుపని మానేసి ఆరు నెలలైందట. ఆవిడ ఇప్పుడు మళ్ళీ కుట్టుమిషను తొక్కుతోంది. వైద్యం చదివిన డాక్టరుగారూ, రక్తం చదివిన నేనూ ఇన్నేళ్ళలో చెయ్యని పని, బడి మొహం చూడని ఆవిడ ఒక్క పొద్దున్న చేసింది.

రక్తాలన్నీ తీసి, సీసాల మీద పేర్లు రాస్తున్నాను. ఆవిడ ఇంకా వెళ్ళలేదు. తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

"మరి మీదోనండీ?"

నాకు అర్థం కాలేదు. మీరూ మాలాగే కదండీ తినేది అంది. నేను నవ్వి, మా ఇంట్లో పాలూ పెరుగూ పుష్కలమని, తాతల నాటి నుంచీ ఇదే తిండని, మాకేమీ రాదని చెప్పాను. చెబుతుండగానే నా గొంతు నాకే ఎక్కడో విన్నట్టు అనిపించింది. కిటికీలోంచి ఆవిడని చూపించి ఉపన్యాసాలు ఇచ్చిన గొంతు అది. సిస్టరుగారు అప్పటికే నా పక్కకి వచ్చి, రబ్బరు పట్టీ తీసింది. నేను చొక్కా చెయ్యి మడిచాను.

కాకినాడ నుంచి పది కాగితాలు వచ్చాయి. తొమ్మిది వాళ్ళవి, ఒకటి నాది. నాది తక్కువ వచ్చింది. ఆవిడకి వచ్చినంత కాదు, కానీ ఉండాల్సిన గీతకి బాగా కిందే. పన్నెండేళ్ళుగా పొద్దున్నే గ్యాసుకి వేసుకునే బిళ్ళ, తిన్నదాంట్లోంచి ఆ విటమిన్ని సరిగ్గా తీసుకోనివ్వదని డాక్టరుగారు చెప్పారు. మా ఇంటావిడకి చెబితే, పెరుగు లేకుండా ఒక్క పూట తినని మనిషికి ఇదెలా వచ్చిందని నా మీద కాదు, కాకినాడ ల్యాబ్ మీద కోప్పడింది.

నాకూ నెలకో సూది రాశారు. మొదటి నెల వెళ్ళేసరికి ఆ తొమ్మిది మందిలో సూది అవసరం పడినవాళ్ళు, ఆవిడా బల్ల నిండా కూర్చుని ఉన్నారు. అన్నేళ్ళు ఆ బల్లకి అవతల నిలబడి పేర్లు పిలిచినవాణ్ణి. ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు దగ్గరే ఆగిపోయాను. ఆవిడ నన్ను చూసి, పక్కావిడని మోచేత్తో పొడిచి, తనూ కొంచెం అటు జరిగింది.

"కూకోండి బాబుగారూ" అంది.

కూర్చున్నాను.